కళ్ళు మూసుకుని గీసిన అక్షరాలు

ఒక తెల్ల కాగితం, పెన్సిలు తీసుకోండి. కళ్ళు మూసుకుని మీకు తోచిన గీత ఒకటి గీయండి. ఇప్పుడు కళ్ళు తెరిచి చూడండి. అది కొక్కెంలా ఉందా, పాము మెలికలా ఉందా, విరిగిన గాజు ముక్కలా ఉందా? ఏదైనా ఫరవాలేదు. దానికి ఒక శబ్దం ఇవ్వండి. "ఇది 'మ'" అనుకోండి. ఇలాంటివి మరో ఇరవై ఏడు తయారు చేస్తే మీ చేతిలో ఒక లిపి ఉన్నట్టే!

ఇదేదో ఆటలా ఉందే అంటారా? ఆటలాంటిదే. కాని 1989లో పశ్చిమ ఆఫ్రికాలోని గినీ దేశంలో ఇద్దరు అన్నదమ్ములు సరిగ్గా ఇలాగే మొదలుపెట్టారు. అన్న ఇబ్రహీమా బారీకి అప్పుడు పద్నాలుగేళ్ళు. తమ్ముడు అబ్దులాయే బారీకి పదేళ్ళు. అంటే ఒకడిది తొమ్మిదో తరగతి ఈడు, ఇంకొకడిది ఐదో తరగతి ఈడు. వాళ్ళు నోటుపుస్తకంలో గీసిన గీతలు ఇవాళ ప్రపంచంలోని కంప్యూటర్లలో, ఫోన్లలో ఉన్నాయి. నోటుపుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి చేరడానికి ఆ అక్షరాలకు ఇరవై ఏడేళ్ళు పట్టింది.

అన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలియాలంటే మనం కాస్త చరిత్ర, కాస్త ధ్వనిశాస్త్రం, కాస్త లెక్కలు చూడాలి. రండి, చూద్దాం.

ఉత్తరాలు చదివిపెట్టే నాన్న

ఆఫ్రికా పటం తెరిచి పడమటి తీరాన గినీ ఎక్కడుందో వెతకండి. దాని రాజధాని కొనాక్రీ సముద్రం ఒడ్డున ఉంది. దేశానికి ఆగ్నేయ మూలన న్జెరెకొరె అనే పట్టణం కనిపిస్తుంది. బారీ సోదరులు పెరిగింది అక్కడే. వాళ్ళు ఫుల్బే జాతివాళ్ళు. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ జాతిని ఫులానీ అంటారు. పశువుల మందలను తోలుకుంటూ తరతరాలుగా తిరిగిన జాతి అది. అందువల్లనే సెనెగల్ నుంచి కామెరూన్ దాకా ఎన్నో దేశాల్లో వాళ్ళు కనిపిస్తారు. అందరూ కలిసి నాలుగు కోట్ల మంది దాకా ఉంటారని అంచనా. గినీలో వాళ్ళ భాషను పులార్ అంటారు.

ఇంత మంది మాట్లాడే భాషకు సొంత లిపి లేదు. గినీ 1958 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండేది. బారీ సోదరుల చిన్ననాట బడి చదువు ఫ్రెంచిలో సాగేది. మతగ్రంథాల చదువు అరబిక్‌లో జరిగేది. ఇంట్లో, సంతలో, పశువుల దగ్గర మాత్రం పులార్. మరి ఊళ్ళోవాళ్ళు దూరాన ఉన్న బంధువులకు ఉత్తరం రాయాలంటే? అరబిక్ అక్షరాలతో పులార్ మాటలు రాసేవారు. అది కూడా అందరికీ చేతనయ్యేది కాదు. అబ్బాయిల తండ్రికి ఆ రాత బాగా వచ్చు. అందుకని చుట్టుపక్కలవాళ్ళు తమకు వచ్చిన ఉత్తరాలు పట్టుకుని ఆయన దగ్గరికి వచ్చేవారు. ఆయన తీరిక లేకుండా ఉన్నప్పుడు పిల్లలు చదివిపెట్టేవారు.

అక్కడే వచ్చింది చిక్కు. ఆ ఉత్తరాలు చదవడం పిల్లలకే కాదు, పెద్దలకూ కష్టమే. దస్తూరీ బాగుండక కాదు. లిపి ఆ భాషకు అమరకపోవడం వల్ల.

కొండా? కుండా?

లిపి అమరకపోవడమంటే ఏమిటి? తెలుగులోనే చూద్దాం. మనకు 'ఒ'కారం, 'ఎ'కారం లేవనుకోండి. అ, ఇ, ఉ అనే మూడు అచ్చులకే గుర్తులున్నాయి. అప్పుడు 'కొండ' అని రాయాలన్నా 'కుండ' అనే రాయాలి. 'పెట్ట' అని రాయాలన్నా 'పిట్ట' అనే రాయాలి. "కొండ మీద పెట్ట ఉంది" అని మీరు రాసి పంపితే, అవతలివాళ్ళు "కుండ మీద పిట్ట ఉంది" అని చదువుకుంటారు! అరబిక్ లిపిలో హ్రస్వాచ్చులకు మూడే గుర్తులు. పులార్‌లో అచ్చులు అయిదు. కొందరు అదనంగా చుక్కలు పెట్టి సర్దుకునేవారు. కాని ఒక్కొక్కరి సర్దుబాటు ఒక్కొక్క రకం.

హల్లుల దగ్గర ఇంకో చిక్కుంది. మనం 'బ' అనేటప్పుడు పెదవులు మూసి, విడిచి, గాలిని బయటికి వదులుతాం. పులార్‌లో ఈ మామూలు 'బ' ఉంది. దీనికి తోడు ఇంకొక 'బ' కూడా ఉంది. ఆ రెండోది పలికేటప్పుడు గొంతులోని స్వరపేటిక కొంచెం కిందికి దిగుతుంది. అందువల్ల నోటిలో గాలి పీడనం తగ్గుతుంది. పెదవులు విడగానే గాలి లోపలికి వస్తుంది. 'డ' శబ్దంలో కూడా ఇలాగే రెండు రకాలున్నాయి. వినడానికి తేడా చిన్నదే. కాని ఒకదానికి బదులు ఇంకొకటి పలికితే మాట మారిపోతుంది. మన దేశంలో సింధీ భాష మాట్లాడేవారి నోట ఇలాంటి శబ్దాలు వినవచ్చు. అరబ్బు భాషలో ఈ శబ్దాలు లేవు కనుక వాటికి అక్షరాలూ లేవు.

రోమన్ లిపి వాడుకోవచ్చు గదా అని మీకు సందేహం రావచ్చు. 1966లో మాలీ దేశపు రాజధాని బమాకోలో యునెస్కో ఏర్పాటు చేసిన సమావేశంలో నిపుణులు ఆ పనే చేశారు. రోమన్ అక్షరాలకు చిన్న కొక్కేలు తగిలించి, గాలి లోపలికి పీల్చే శబ్దాలకు గుర్తులు ఏర్పరిచారు. ఆ రాత నిపుణుల గ్రంథాల్లోనూ, కొన్ని చోట్ల బళ్ళలోనూ నడిచింది. న్జెరెకొరెలోని ఆ ఇంటికి వచ్చే ఉత్తరాల్లో మాత్రం అరబిక్ లిపే కనిపించేది.

గదిలో ఆరు నెలలు

మన భాషకు మన అక్షరాలు ఎందుకు లేవు? లేకపోతే మనమే చేస్తే? ఇదీ అన్నదమ్ములకు వచ్చిన ఆలోచన. బడి నుంచి రాగానే గది తలుపు వేసుకుని కూర్చునేవారు. కళ్ళు మూసుకుని గీతలు గీసేవారు. కళ్ళు తెరిచి, నచ్చిన ఆకారాలు ఏరుకుని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క శబ్దం కేటాయించేవారు. సుమారు ఆరు నెలల్లో ఇరవై ఎనిమిది అక్షరాలు, పది అంకెలు తయారయ్యాయి. తర్వాత కొంతకాలానికి మరో ఆరు అక్షరాలు చేరాయి.

ఈ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అయిదు అచ్చులకూ అయిదు అక్షరాలున్నాయి. లోపలికి పీల్చే 'బ', 'డ'లకు వేరే అక్షరాలున్నాయి. ఇంగ్లీషులో లాగా పెద్ద బడి, చిన్న బడి రెండూ ఉన్నాయి. ప్రశ్నార్థకం వాక్యం చివరనే కాక మొదట్లో కూడా పెడతారు. అందువల్ల చదివేవాడికి ఇది ప్రశ్న అని ముందే తెలిసిపోతుంది. అంకెల్లో ఒక విశేషముంది. అరబిక్‌లో మాటలు కుడి నుంచి ఎడమకు నడిచినా అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికే ఉంటాయి. బారీ సోదరుల లిపిలో అంకెలు కూడా మాటలతో పాటే కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అందులో 125 రాస్తే 1 కుడి కొసన, 5 ఎడమ కొసన ఉంటాయన్నమాట.

మొదట్లో దీన్ని పులార్ రాత అనే పిలిచేవారు. తర్వాత అక్షరమాలలోని మొదటి నాలుగు అక్షరాలు, అంటే ఆలిఫ్, దాలి, లామ్, మీమ్ కలిపి 'అద్లమ్' అనే పేరు వచ్చింది. "జాతి అంతరించిపోకుండా కాపాడే అక్షరమాల" అనే అర్థమిచ్చే పులార్ మాటల తొలి అక్షరాలు కూడా ఇవే.

ఒక్కొక్కరు ముగ్గురికి

లిపి తయారు చేయడం ఒక ఎత్తు. దాన్ని నలుగురూ వాడడం ఇంకో ఎత్తు. ఇద్దరికే తెలిసిన లిపి రహస్య సంకేతమవుతుంది గాని లిపి కాదు.

అన్నదమ్ములు మొదట తమ సోదరి ఐసాతాకు నేర్పారు. తర్వాత ఇరుగుపొరుగువాళ్ళకు, సంతలో కలిసినవాళ్ళకు నేర్పారు. నేర్చుకున్న ప్రతి ఒక్కరూ కనీసం మరో ముగ్గురికి నేర్పాలని కోరేవారు. మీరు ఎనిమిదో తరగతిలో ఘాతాలు చదివారు గదా, ఇక్కడ వాడి చూడండి. ఒకరు ముగ్గురికి నేర్పితే, ఆ ముగ్గురూ తొమ్మిది మందికి, ఆ తొమ్మిది మందీ ఇరవై ఏడు మందికి నేర్పుతారు. పదో మెట్టు దగ్గర కొత్తగా నేర్చుకున్నవారు 3కు పదో ఘాతం, అంటే 59,049 మంది! నిజ జీవితంలో మాట ఇచ్చినవాళ్ళందరూ నేర్పరు, లెక్క ఇంత చక్కగా నడవదు. అయినా దారి మాత్రం అదే.

ఇబ్రహీమా చేత్తో పుస్తకాలు రాసి నకళ్ళు తీయించి పంచేవాడు. అవి ఎలాంటి పుస్తకాలనుకున్నారు? పసిపిల్లలను ఎలా సాకాలి, తాగే నీళ్ళు ఎలా వడగట్టాలి లాంటి నిత్యావసరాలు. చదువు వచ్చినందుకు ఇంట్లో ఏదో ఒక మేలు కనిపించాలని అతని ఉద్దేశం.

కొనాక్రీలో పై చదువులకు వెళ్ళినప్పుడు అన్నదమ్ములు 'రాయడం, చదవడం' అనే అర్థం వచ్చే పేరుతో ఒక సంఘం పెట్టారు. 2002లో ఆ సంఘం సమావేశం జరుగుతుండగా సైనికులు వచ్చి ఇబ్రహీమాను పట్టుకుపోయారు. మూడు నెలలు జైలులో ఉంచారు. నేరమేమిటో చెప్పలేదు. అక్షరాలు నేర్పినందుకు జైలా అని మనకు ఆశ్చర్యంగా ఉంటుంది. బయటికి వచ్చాక ఇబ్రహీమా నేర్పడం మానలేదు.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు

2003లో అబ్దులాయే అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరానికి వెళ్ళాడు. సివిల్ ఇంజనీరింగ్ చదివిన ఇబ్రహీమా 2007లో అక్కడికే చేరాడు. ఇక అద్లమ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఇద్దరూ పట్టుబట్టారు. ఎందుకంటే ఉత్తరాల కాలం పోయి ఫోన్ సందేశాల కాలం వస్తోంది. ఫోన్‌లో రాయడానికి వీలులేని లిపిని పిల్లలు ఎన్నాళ్ళు నేర్చుకుంటారు?

డబ్బు కూడబెట్టి ఒక కంపెనీ చేత అక్షరరూపాలు, కీబోర్డు చేయించారు. కాని ఒక లోపం ఉండిపోయింది. అదేమిటో అర్థం కావాలంటే కంప్యూటర్ అక్షరాన్ని ఎలా దాచుకుంటుందో తెలియాలి.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, అంకె ఒక్కటే తెలుసు. ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఉంటుంది. మీరు 'క' అని టైపు చేస్తే కంప్యూటర్ 3093 అని దాచుకుంటుంది. ఆ సంఖ్యకు ఏ బొమ్మ చూపించాలో చెప్పేది ఫాంటు. ఫాంటు అంటే అక్షరాల బొమ్మల పెట్టె. 'క్ష' రాయాలంటే మూడు సంఖ్యలు కావాలి. 'క'కు 3093, హలంతానికి 3149, 'ష'కు 3127. ఈ మూడూ వరసగా వస్తే ఒకే బొమ్మగా చూపించాలని ఫాంటులో నియమం ఉంటుంది.

ఈ సంఖ్యలు ప్రపంచమంతటా ఒకటే కావాలి. లేకపోతే హైదరాబాదులో రాసిన 'క' విజయవాడలో ఇంకేదో అవుతుంది. అందుకే యూనికోడ్ అనే ఉమ్మడి పట్టిక ఏర్పడింది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. అద్లమ్‌కు ఆ పట్టికలో చోటు లేదు. అందుకని ఆ కంపెనీ అరబిక్ అక్షరాల సంఖ్యలనే తీసుకుని, వాటి మీద అద్లమ్ బొమ్మలు అతికించింది. ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో అద్లమ్ చక్కగా కనిపించేది. ఫాంటు లేని చోటికి పంపితే అర్థంపర్థం లేని అరబిక్ అక్షరాల గుంపు కనిపించేది!

మన తెలుగుకూ ఈ కష్టం తెలుసు. యూనికోడ్ వాడుక ఊపందుకోకముందు డి.టి.పి. కేంద్రాల్లో వాడిన తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల మీద తెలుగు బొమ్మలు అతికించినవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే పెళ్ళి శుభలేఖ కూడా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించేది. పెద్దవాళ్ళను అడిగి చూడండి, చెబుతారు.

కలం పట్టిన ఇంజనీరు

అద్లమ్‌కు సొంత సంఖ్యలు కావాలి. ఎవరిని అడగాలి? దారి చూపింది చిత్రంగా కంప్యూటర్ కాదు, కలం.

పోర్ట్‌లాండ్‌లో ఇబ్రహీమా కాలిగ్రఫీ నేర్చుకోవడానికి చేరాడు. కాలిగ్రఫీ అంటే అందంగా అక్షరాలు రాసే కళ. పద్నాలుగేళ్ళ వయసులో కళ్ళు మూసుకుని గీసిన గీతలకు ఇప్పుడు వంపు, మందం, కొలత కుదర్చాలి గదా! అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి నడిచే లిపి అది. మాట మొదట్లో, మధ్యలో, చివర, విడిగా ఉన్నప్పుడు ఒకే అక్షరం రూపం కొద్దికొద్దిగా మారుతుంది. చెయ్యి ఎక్కడా ఆగకుండా సాగాలంటే ఏ గీత ఎక్కడ ముగియాలో కలం పట్టినవాడికే తెలుస్తుంది. ఇంజనీరు వంతెనకు కొలతలు వేసినట్టు అతను అక్షరానికి వేశాడు.

ఆ కాలిగ్రాఫర్ల సమావేశంలో అయిన పరిచయాల ద్వారా మైకేల్ ఎవర్సన్ అనే లిపి నిపుణుడి దగ్గరికి దారి దొరికింది. ఎన్నో లిపులకు యూనికోడ్‌లో చోటు ఇప్పించిన వ్యక్తి ఆయన. యూనికోడ్‌వారు అడిగే ప్రశ్నలు ఇలా ఉంటాయి: ఈ లిపిని నిజంగా జనం వాడుతున్నారా? పుస్తకాలున్నాయా? అక్షరాలు ఎన్ని? వాటి వరస ఏమిటి? ఏది దేనితో కలుస్తుంది? పాతికేళ్ళుగా చేత్తో రాసి పంచిన పుస్తకాలు ఇప్పుడు సాక్ష్యాలుగా పనికివచ్చాయి. 2014లో ప్రతిపాదన వెళ్ళింది. 2016 జూన్‌లో వెలువడిన యూనికోడ్ 9.0లో అద్లమ్ చేరింది.

125184

అద్లమ్ మొదటి అక్షరమైన పెద్ద 'ఆలిఫ్' సంఖ్య ఎంతో తెలుసా? 125184. కంప్యూటర్‌వాళ్ళు దీన్ని పదహారు ఆధారంగా గల సంఖ్యామానంలో 1E900 అని రాస్తారు. అందులో A అంటే 10, B అంటే 11, అలా E అంటే 14. ఇప్పుడు లెక్క కట్టండి:

1 × 65,536 = 65,536
14 × 4,096 = 57,344
9 × 256 = 2,304

మొత్తం 1,25,184. సరిపోయింది గదా! పెద్ద అక్షరాలు 34 కనుక చిన్న 'ఆలిఫ్' సంఖ్య దీనికి 34 కలిపితే వస్తుంది, అంటే 125218. పెద్దవి 34, చిన్నవి 34, అంకెలు 10, ఇతర గుర్తులు 9, మొత్తం 87 స్థానాలు ఆ సంవత్సరం అద్లమ్‌కు దక్కాయి.

యూనికోడ్ మొదలైనప్పుడు 2కు పదహారో ఘాతం, అంటే 65,536 స్థానాలు ప్రపంచానికంతటికీ చాలుననుకున్నారు. చాలలేదు. ఇప్పుడు పట్టికను పదకొండు లక్షల స్థానాలకు పైగా పెంచారు. ఆలస్యంగా వచ్చిన అద్లమ్‌కు పాత హద్దు అవతల చోటు దొరికింది. అందుకే దాని సంఖ్యలు అంత పెద్దవి.

సంఖ్య దొరికినంత మాత్రాన పని పూర్తి కాదు. ఫాంట్లు కావాలి, కీబోర్డులు కావాలి. గూగుల్ సంస్థ తన ఉచిత ఫాంట్లలో అద్లమ్‌ను చేర్చింది. మైక్రోసాఫ్ట్ సంస్థ 2019 మేలో విడుదల చేసిన విండోస్ 10 కూర్పులో చేర్చింది. 2023లో అద్లమ్ కోసం కొత్త అక్షరరూపాలు కూడా తయారయ్యాయి. ఇప్పుడు ఇబ్రహీమా గినీకి పంపిన మాట అక్కడి తెరమీద అదే మాటగా కనిపిస్తుంది.

అద్లమ్ ఒంటరిది కాదు

ఆఫ్రికాలో లిపులు లేవనే మాట మీరు ఎక్కడైనా వింటే నమ్మకండి. ఈజిప్టు చిత్రలిపి, ఇథియోపియాలో ఇప్పటికీ వాడే గీజ్ లిపి మీకు తెలిసే ఉంటాయి. లైబీరియాలో 1830ల్లో వాయి లిపి పుట్టింది. కామెరూన్‌లో న్జోయా అనే రాజు పందొమ్మిదో శతాబ్దం చివర బముమ్ లిపి చేయించాడు. గినీకే చెందిన సొలొమానా కాంతే 1949లో న్‌కో లిపి రూపొందించాడు. ఇవన్నీ ఇప్పుడు యూనికోడ్‌లో ఉన్నాయి. వీటిలో న్‌కో 2006లో, వాయి 2008లో, బముమ్ 2009లో చేరాయి. కాంతే తన లిపికి యంత్రంలో సంఖ్య వచ్చేదాకా జీవించలేదు. బారీ సోదరులు తమ లిపికి సంఖ్య రావడం కళ్ళారా చూశారు.

మీరూ చేసి చూడండి

మొదట్లో గీసిన గీత దగ్గరికి వద్దాం. ఇద్దరు మిత్రులు కలిసి తెలుగుకు పదిహేను అక్షరాల కొత్త లిపి చేయండి. తర్వాత ఇలా పరీక్షించండి. ఒకరు గది బయటికి వెళ్ళాలి. మూడోవారు ఎవరైనా అయిదు మాటలు చెబితే లోపల ఉన్నవారు కొత్త లిపిలో రాయాలి. బయట ఉన్నవారు వచ్చి పైకి చదవాలి. అయిదూ సరిగ్గా చదివితే మీ లిపి పాసైనట్టు. 'కొండ', 'కుండ' రెండూ ఆ అయిదు మాటల్లో ఉండేలా చూడండి సుమా!

పాసైన తర్వాత ఒక్కొక్కరు ముగ్గురికి నేర్పండి. నెల గడిచాక మీ బడిలో ఎంతమంది దాన్ని చదవగలుగుతున్నారో లెక్కపెట్టండి. 3కు ఎన్నో ఘాతం దాకా వచ్చారో, ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో రాసుకోండి. ఒక లిపిని బతికించడానికి ఇరవై ఏడేళ్ళు ఎందుకు పట్టిందో అప్పుడు మీకే తెలుస్తుంది.